ఎక్సెల్ షీటును ఎక్కడ తప్పుగా వాడుతున్నామో పట్టుకోవడం, సరిచేయడం ఎలా?

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామును తెచ్చినప్పుడు దాని పని ఒక్కటే: లెక్క. ఒక అంకె మారిస్తే, దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ వాటంతటవే మారాలి. ఇప్పుడు మనం ఎక్సెల్‌లో, గూగుల్ షీట్స్‌లో చేసే పనులు చూడండి. సభ్యుల జాబితా, స్టాకు రిజిస్టరు, హాజరు పట్టిక, దరఖాస్తు ఫారం, పనుల షెడ్యూలు, పైవాళ్లకు పంపే రిపోర్టు, అన్నీ అందులోనే. ఇవన్నీ తప్పు అనను. చేతిలో ఉన్న పనిముట్టుతో పని కానిచ్చుకోవడం అందరూ చేసేదే.

చిక్కు ఎక్కడంటే, షీటు దేనికీ అడ్డు చెప్పదు. తేదీ కాలమ్‌లో పేరు రాసినా ఊరుకుంటుంది, ఒకే మనిషిని రెండుసార్లు ఎక్కించినా ఊరుకుంటుంది, కిలోల పక్కన గ్రాములు వేసినా కూడేస్తుంది. కాబట్టి అడ్డు చెప్పే పని మనమే చేయాలి. ఆ అడ్డుకట్టలు ఎక్కడెక్కడ వేయాలో, ఏ వరసలో వేయాలో ఇందులో చెబుతున్నాను. మెనూ పేర్లు ఎక్సెల్‌వి. గూగుల్ షీట్స్‌లో, లిబ్రెఆఫీస్ కాల్క్‌లో పేర్లు కొంచెం మారతాయి, సమస్యలు మాత్రం చాలావరకు ఇవే.

మొదటి మెట్టు: ముట్టుకునే ముందు కాపీ

అసలు ఫైలును కాపీ చేసి, పేరులో తేదీ పెట్టి, రీడ్ ఓన్లీ చేసి పక్కన పెట్టండి. దాన్నిక ముట్టుకోకండి, మార్పులన్నీ ఇంకో కాపీలోనే. ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కానీ కింద చెప్పే మార్పుల్లో కొన్ని వెనక్కి రావు. సేవ్ చేసి మూసేశాక అన్‌డూ పనిచేయదు.

రెండో మెట్టు: ఈ ఫైలు నిజంగా ఏం చేస్తోంది?

ఫైలు తెరిచి ఒక్కో షీటుకూ ఒక్క మాటలో జవాబు రాయండి: ఇది వివరాలు దాచే చోటా, లెక్క చేసే చోటా, ఎవరికో చూపించే చోటా? ఒకే షీటు మూడు పనులూ చేస్తుంటే తప్పుడు వాడకం అక్కడే మొదలైందని అర్థం. చూపించడానికి అందంగా సర్దిన షీటులో లెక్క చేయడం కష్టం. వివరాల మధ్యలో మొత్తాల రో పెడితే, ఆ మొత్తం కూడా ఇంకో వివరంలా మరో మొత్తంలో కలిసిపోతుంది.

మూడు షీట్లు చేయండి. ఒకదానిలో ముడి వివరాలు మాత్రమే, రెండోదానిలో లెక్కలు, మూడోదానిలో చూపించేది. రంగులు, పెద్ద అక్షరాలు, కలిపేసిన సెల్స్ అన్నీ మూడోదానికే పరిమితం. చాలా ఫైళ్లకు ఈ ఒక్క మార్పుతోనే సగం రోగం తగ్గుతుంది.

మూడో మెట్టు: చెప్పకుండా మారిపోయేవాటిని పట్టుకోవడం

ఎక్కువ సమయం పెట్టాల్సిన మెట్టు ఇదే. మనం టైపు చేసినదాన్ని ఎక్సెల్ ఉన్నదున్నట్టు దాచదు. చూసి, అర్థం చేసుకున్నాననుకుని, తనకు నచ్చిన రూపంలోకి మార్చి దాస్తుంది.

007 అని కొడితే 7 అవుతుంది. సభ్యత్వ నంబర్లు, కోడ్‌లు సున్నాతో మొదలైతే ముందున్న సున్నాలు పోతాయి. అంకెలను 15 స్థానాల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది. 16 అంకెల కార్డు నంబరు పేస్టు చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. 12 అంకెల నంబరు కొడితే మధ్యలో ఇంగ్లీషు E అక్షరం, ప్లస్ గుర్తు పెట్టి కుదించి చూపిస్తుంది. లోపల అసలు నంబరు ఉన్నా, అదే ఫైలును సీఎస్‌వీగా (విలువలను కామాలతో విడదీసి రాసే మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే ఆ కుదించిన రూపమే బయటికి పోతుంది.

తేదీలు ఇంకా ప్రమాదం. ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1ని 1గా మొదలుపెట్టి రోజులు లెక్కపెడుతుంది. (1900 లీపు సంవత్సరం కాకపోయినా ఆ ఏడు ఫిబ్రవరి 29 ఉందనే అనుకుంటుంది. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాముతో పొత్తు కుదరాలని ఆ తప్పును తెలిసే ఉంచేశారు.) దీనివల్ల అసలు గండం ఏమిటంటే, రోజు ముందు, నెల తర్వాత రాసే చోటి నుంచి వచ్చిన ఫైలును నెల ముందు ఉండే సెట్టింగు ఉన్న కంప్యూటరులో తెరిస్తే 03/04 అనేది ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4 అవుతుంది. 25/04/2024 లాంటిది మాత్రం ఏ నెలకూ సరిపోదు కాబట్టి మామూలు అక్షరాలుగా మిగిలిపోతుంది. అంటే ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు తారుమారై, కొన్ని అసలు తేదీలే కాకుండా పోతాయి. పైకి చూస్తే అన్నీ తేదీల్లాగే ఉంటాయి. పాత మ్యాక్ ఫైళ్లలో లెక్క 1904 నుంచి మొదలవుతుంది. అక్కడి నుంచి కాపీ చేస్తే తేదీలు 1,462 రోజులు, అంటే నాలుగేళ్ల ఒక రోజు జరిగిపోతాయి.

జన్యుశాస్త్రంలో ఈ అలవాటు ఎంత దూరం వెళ్లిందో చూడండి. మార్చ్1, సెప్ట్2 అని కొన్ని జన్యువులకు పొట్టి పేర్లుండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 2 తేదీలుగా మార్చేసేది. ఎక్సెల్ ఫైళ్లలో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధనా పత్రాల్లో సుమారు ఐదోవంతు వాటిలో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే దిగివచ్చింది. ఆ జన్యువులకు మార్చ్‌ఎఫ్1, సెప్టిన్2 అని పేర్లు మార్చి, 2020లో ఈ ఇబ్బందినీ లెక్కలోకి తీసుకున్న కొత్త నియమాలు ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ 2023లో గానీ ఈ మార్పిడిని ఆపుకునే సెట్టింగులు ఇవ్వలేదు. పనిముట్టు మారకపోతే మనుషులే పేర్లు మార్చుకోవాల్సి వచ్చిందన్నమాట!

సరిచేసే పద్ధతి ఇదీ. బయటి నుంచి వచ్చిన సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ లేదా సీఎస్‌వీ ద్వారా తెచ్చుకోండి. ఫైలు ఒరిజిన్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి. తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపించేది చాలాసార్లు ఇది తప్పినందుకే. ఆ తర్వాత ట్రాన్స్‌ఫామ్ డేటాలోకి వెళ్లి, నంబర్లూ కోడ్‌లూ ఉన్న కాలమ్‌లను టెక్స్ట్‌గా, తేదీలను అవి వచ్చిన చోటి వరసకు తగ్గట్టుగా మార్చి, అప్పుడు లోడ్ చేయండి. చేత్తో కొట్టేటట్టయితే ముందు కాలమ్ మొత్తం ఎంచుకుని ఫార్మాట్ సెల్స్‌లో టెక్స్ట్ పెట్టి, తర్వాతే టైపు చేయండి. వరస ముఖ్యం. 007 కాస్తా 7 అయ్యాక టెక్స్ట్ అని మార్చినా సున్నాలు తిరిగి రావు. మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లు ఆప్షన్స్‌లో డేటా కింద ఉండే ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ టిక్కులు తీసేస్తే ఇంకొంత నయం.

ఇప్పటికే పాడైనవి వెతకడానికి కంటితో పట్టే చిట్కా ఒకటుంది. కాలమ్‌కున్న ఎడమ, కుడి, మధ్య అమరికలన్నీ తీసేయండి. అప్పుడు అంకెలు, నిజమైన తేదీలు కుడివైపుకు జరుగుతాయి, అక్షరాలు ఎడమవైపుకు. ఒకే కాలమ్‌లో రెండువైపులా ఉంటే రెండు రకాలు కలిసిపోయాయన్నమాట. పెద్ద ఫైలైతే పక్క కాలమ్‌లో ఈజ్‌నంబర్ ఫార్ములా పెట్టి ఫిల్టర్ చేయండి. ఫోన్ నంబర్ల లాంటి వాటికి లెన్ ఫార్ములాతో అంకెల లెక్క చూస్తే తేడాలు బయటపడతాయి.

పాడైనవి కనిపించాక ఊహించి దిద్దకండి. ఏప్రిల్ 3నో మార్చి 4నో ఆ సెల్ మీకు చెప్పలేదు. మూలం దగ్గరికి వెళ్లి మళ్లీ తెచ్చుకోవాల్సిందే.

నాలుగో మెట్టు: ఒక రో ఒక సంగతి, ఒక సెల్ ఒక విలువ

కలిపేసిన సెల్స్ విడదీయండి, మధ్యలో ఉన్న ఖాళీ రోలు తీసేయండి, శీర్షిక ఒక్క రోలోనే ఉంచండి. "సుమారు 5 కిలోలు" అని ఒకే సెల్‌లో ఉంటే దాన్ని మూడు చేయాలి: 5, కిలో, సుమారు అనే గమనిక. లేకపోతే సమ్ ఫార్ములా ఆ సెల్‌ను కిక్కురుమనకుండా వదిలేసి మిగతావే కూడుతుంది. ఎర్రర్ కూడా రాదు.

రంగును సమాచారంగా వాడటం నాకు అస్సలు గిట్టదు. "పసుపు అంటే డబ్బు కట్టినవాళ్లు, లేత పసుపు అంటే సగం కట్టినవాళ్లు" అని మొదలుపెట్టినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. రంగులను ఫార్ములా లెక్కపెట్టలేదు, సీఎస్‌వీలో సేవ్ చేస్తే పోతాయి. "చెల్లింపు" అని ఒక కాలమ్ పెట్టి, పూర్తి, సగం, లేదు అని రాయండి. రంగు కావాలంటే ఆ కాలమ్‌ను చూసి కండిషనల్ ఫార్మాటింగ్ తనే వేస్తుంది.

ఇదే మెట్టులో శీర్షికల మాటలు కూడా చూడండి. "తేదీ" అని ఉంటే ఆర్డరు ఇచ్చిన తేదీయా, అందిన తేదీయా? "మొత్తం" అంటే పన్నుతో కలిపా, కలపకుండానా? మాట వదులుగా ఉన్నచోట ఒక్కొక్కరు ఒక్కో అర్థంతో నింపుతారు, ఆ కాలమ్‌లో రెండు వేర్వేరు సంగతులు ఒకే పేరుతో పేరుకుంటాయి. ఖాళీ సెల్‌కూ సున్నాకూ తేడా కూడా ఇలాంటిదే. సున్నా అంటే కొలిచాం, ఏమీ లేదని. ఖాళీ అంటే ఇంకా కొలవలేదని. యావరేజ్ ఫార్ములా సున్నాను లెక్కలోకి తీసుకుంటుంది, ఖాళీని తీసుకోదు. ఖాళీలన్నీ "అందంగా ఉంటుంది కదా" అని సున్నాలతో నింపితే సగటు పడిపోతుంది.

ఐదో మెట్టు: తలుపు దగ్గర కాపలా

డేటా మెనూలో డేటా వాలిడేషన్ తెరవండి. ఎంచుకునే జాబితా, తేదీల హద్దులు, అక్షరాల సంఖ్య ఇవన్నీ పెట్టుకోవచ్చు. షీటు చేత "వద్దు" అనిపించే ముఖ్య సాధనం ఇదే, కానీ దీనికో పెద్ద కంత ఉంది. చేత్తో టైపు చేసినదాన్నే ఆపుతుంది. కాపీ చేసి పేస్టు చేస్తే ఏ విలువైనా లోపలికి వచ్చేస్తుంది. పైగా మామూలుగా పేస్టు చేస్తే ఆ సెల్‌కున్న నియమమే చెరిగిపోతుంది. అందుకే పేస్టు చేసేటప్పుడు వాల్యూస్ మాత్రమే పేస్టు చేయడం అలవాటు చేసుకోండి. వారానికోసారి సర్కిల్ ఇన్‌వాలిడ్ డేటా నొక్కి చూడండి, నియమం తప్పినవాటి చుట్టూ ఎర్ర గీత గీసి చూపిస్తుంది.

ఆరో మెట్టు: ఎన్ని రోలు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి

ఇప్పటి ఎక్సెల్ షీటులో 10,48,576 రోలు పడతాయి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలో 65,536 మాత్రమే. 2020 శరదృతువులో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత రూపంలోని ఫైళ్లలోకి ఎక్కించింది. ఒక్కో కేసుకు చాలా రోలు పట్టేవి. హద్దు దాటినవి లోపలికి రాలేదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 కేసులు లెక్కలో చేరలేదు, వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లను వెతికి హెచ్చరించే పనీ ఆలస్యమైంది.

మీ ఫైలు అంత పెద్దది కాకపోవచ్చు. నియమం మాత్రం అన్నిటికీ ఒకటే: ఒక చోటి నుంచి ఇంకో చోటికి వివరాలు తీసుకెళ్లిన ప్రతిసారీ అక్కడ ఎన్ని రోలు, ఇక్కడ ఎన్ని రోలు అని పోల్చాలి. దానితోపాటు ఏదో ఒక అంకెల కాలమ్ మొత్తాన్ని కూడా పోల్చండి. రోల లెక్క కుదిరి మొత్తం కుదరకపోతే, మూడో మెట్టులో చెప్పిన మార్పిడి ఎక్కడో జరిగిందనే.

ఏడో మెట్టు: ఫార్ములాలను నమ్మకుండా చదవడం

ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ఒక పత్రం రాశారు. అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో వృద్ధి బాగా పడిపోతుందని అందులో చెప్పారు. పొదుపు చర్యలు కావాలన్నవాళ్లు చాలాచోట్ల దాన్నే చూపించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి వాళ్ల షీటు తెప్పించుకుని చూశాడు. సగటు తీసే ఫార్ములా 30 నుంచి 49వ రో వరకు పోవాల్సింది 44 దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. ఆ తప్పుతోపాటు వదిలేసిన వివరాలను, సగటు తీసిన పద్ధతిని కూడా మార్చి చూస్తే అప్పు 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం నుంచి 2.2 శాతానికి మారింది. తేడా అంతా ఒక్క ఫార్ములా వల్లే రాలేదు, నిజమే. కానీ మూడేళ్లపాటు ఆ ఫార్ములాను బయటివాళ్లు ఎవరూ తెరిచి చూడలేదు.

మీరు తెరిచి చూడండి. ఫార్ములాస్ మెనూలో షో ఫార్ములాస్ నొక్కితే ఫలితాలు పోయి ఫార్ములాలు కనిపిస్తాయి. కాలమ్ పొడవునా ఒకే రకంగా ఉండాల్సిన చోట మధ్యలో ఒక మామూలు అంకె కనిపిస్తే, ఎవరో తొందరలో ఫార్ములాను చెరిపి చేత్తో కొట్టారని అర్థం. ఫార్ములా లోపల 1.18 లాంటి అంకె దాగి ఉంటే దాన్ని బయటికి తీసి, పేరు రాసిన ఒక సెల్‌లో పెట్టి, అక్కడి నుంచి తీసుకోండి.

వీలుకప్ వాడినచోట చివరి భాగం ఫాల్స్ అని ఉందో లేదో చూడండి. ఏమీ రాయకపోతే అది సరిగ్గా కుదిరేదాన్ని వెతకదు. జాబితా ఒక వరసలో ఉందనుకుని దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చిపెడుతుంది. వెతికింది లేకపోయినా ఏదో ఒక జవాబు వస్తుంది, అది నమ్మేటట్టే ఉంటుంది. ఎక్స్‌లుకప్ ఉంటే అదే వాడండి, దానికి సరిగ్గా కుదరాలన్నదే మామూలు పద్ధతి. ఇఫ్‌ఎర్రర్‌ను ఎడాపెడా వాడటం కూడా మానండి. ఎర్రర్ వస్తే ఖాళీ చూపించమని చెప్పడమంటే, షీటు అరుదుగా నోరు విప్పి చెప్పే మాటను మనమే నొక్కేయడం.

రేంజులు చిన్నవైపోయే బెడద తప్పాలంటే వివరాలను కంట్రోల్ టీ నొక్కి టేబుల్‌గా మార్చండి. కొత్త రో చేరిస్తే ఫార్ములా కూడా సాగుతుంది. ఫిల్టర్ పెట్టి చూసే మొత్తాలకు సమ్ బదులు సబ్‌టోటల్ వాడాలి. సమ్ ఫార్ములాకు కంటికి కనిపించని రోలు కూడా లెక్కే.

ఎనిమిదో మెట్టు: సార్టింగ్, కట్-పేస్ట్

ఒక్క కాలమ్ ఎంచుకుని సార్ట్ చేస్తే పేర్లు కదులుతాయి, వాటి పక్కనున్న అంకెలు కదలవు. ఎక్సెల్ ఒకసారి అడుగుతుంది కానీ చదవకుండా నొక్కేస్తాం. 2003లో కెనడా విద్యుత్ సంస్థ ట్రాన్స్‌ఆల్టాకు కట్-పేస్ట్‌లో రోలు జరిగిపోయి, వేలంలో తప్పు ధరలు పడి 2.4 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. మొదట్లోనే "వరస నంబరు" కాలమ్ ఒకటి ఫార్ములాతో కాకుండా విలువలుగా పెట్టుకోండి. పాత వరసకు తిరిగి రావడానికి అదే తేలికైన దారి. జాబితాను టేబుల్‌గా మార్చి ఉంటే సార్ట్ చేసినప్పుడు రో మొత్తం కలిసే కదులుతుంది.

తొమ్మిదో మెట్టు: బయటికి పంపేముందు

దాచిన షీటు అంటే భద్రమైన షీటు అనుకోవడం మామూలు తప్పుల్లో అతి ఖరీదైనది. 2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ ఒక సమాచార దరఖాస్తుకు జవాబుగా స్ప్రెడ్‌షీట్ పంపింది. అందులో కనిపించకుండా ఉన్న ఒక ట్యాబులో 9,483 మంది అధికారులు, సిబ్బంది వివరాలున్నాయి. ఆ వివరాలు ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి. ప్రాణభయంతో ఉద్యోగాన్ని కుటుంబం దగ్గర కూడా దాచుకునేవాళ్లు ఉన్న చోటది. తర్వాత 7,50,000 పౌండ్ల జరిమానా పడింది.

షీట్ ప్రొటెక్ట్‌కు పెట్టే పాస్‌వర్డ్ పొరపాటున చెరపకుండా ఆపడానికే, రహస్యం కాపాడటానికి పనికిరాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పివట్ టేబుల్‌ను (వివరాలను గుంపులుగా కూడి చూపే పట్టికను) మాత్రమే వేరే ఫైలులోకి కాపీ చేసి పంపినా, దాని వెనకున్న మొత్తం వివరాల కాపీ దానితోపాటు వెళ్లవచ్చు. అందులో మొత్తం ఉన్న సెల్ మీద డబుల్ క్లిక్ చేస్తే అవతలివాళ్లకు పేర్లతో సహా తెరుచుకుంటుంది. అందుకే పంపాల్సిన అంకెలను కొత్త ఫైలులో వాల్యూస్‌గా పేస్టు చేయండి, లేదా పీడీఎఫ్ చేయండి. ఫైల్ మెనూలో ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నడిపితే దాగి ఉన్న షీట్లు, రోలు, వ్యాఖ్యలు ఉన్నాయేమో చెబుతుంది.

పదో మెట్టు: షీటును వదిలేయాల్సిన రోజు

ఇవన్నీ చేసినా కొన్ని పనులకు షీటు చాలదు. ఒకే ఫైలును పలువురు ఈమెయిల్‌లో తిప్పుకుంటూ పేరు చివర "ఫైనల్ 2" అని చేరుస్తున్నారా? ఒక మనిషి చిరునామా మారితే మూడు షీట్లలో దిద్దాల్సి వస్తోందా? ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చెప్పాల్సిన అవసరం ఉందా? మొదటిదానికి గూగుల్ షీట్స్ లాంటి అందరూ కలిసి పనిచేసే షీటు, దాని వెర్షన్ హిస్టరీ సరిపోవచ్చు. రెండో, మూడో ప్రశ్నలకు అవునన్నారంటే మీకు కావాల్సింది డేటాబేస్.

డేటాబేస్ అనగానే టెన్షన్ పడక్కర్లేదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఉచితం, మొత్తం ఒకే ఫైలులో ఉంటుంది, సర్వరు అక్కర్లేదు. కానీ దానికీ కొంచెం షీటు బుద్ధే ఉంది. అంకెల కాలమ్‌లో అక్షరాలు వేస్తే మామూలుగా తీసేసుకుంటుంది. టేబుల్ తయారుచేసేటప్పుడు స్ట్రిక్ట్ అని రాస్తేనే వద్దంటుంది, ఆ సౌకర్యం 2021లో వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లాంటివి మొదటి నుంచీ గట్టిగానే ఉంటాయి, ఫిబ్రవరి 30 అని కొడితే తీసుకోవు. మీరు మారేది ఈ మొండితనం కోసమే కాబట్టి, ఏదైనా ఎంచుకునేముందు తప్పుడు తేదీ, ఒకే నంబరు రెండుసార్లు, అంకె ఉండాల్సిన చోట అక్షరాలు, ఈ మూడూ వేసి చూడండి. మూడింటికీ అడ్డు చెప్పేలా సెట్ చేసుకున్నాకే వివరాలు ఎక్కించండి.

ఎక్కించేటప్పుడు కొన్ని రోలను డేటాబేస్ తిప్పికొడుతుంది. విసుగొచ్చి నియమాలు సడలించకండి. ఆ రోలను వేరే షీటులో పెట్టుకుని ఒక్కొక్కటే మూలంతో పోల్చి దిద్దండి. కనీసం ఒక నెల ముగింపు లెక్క పాత షీటులోనూ కొత్త చోటా చేసి, రోల సంఖ్య, మొత్తాలు రెండూ పోల్చండి. రెండూ కుదిరాక పాత ఫైలును రీడ్ ఓన్లీ చేసి, అందరి డెస్క్‌టాప్‌ల మీదున్న కాపీలను తీసేయించండి. ఒక్క కాపీ మిగిలినా ఎవరో ఒకరు అలవాటు కొద్దీ అందులోనే కొత్త రో చేరుస్తారు.